మొదటి సిగార్ కొనబోయే తమ్ముళ్లకు

జగిత్యాల నుంచి వెళ్లి డాలస్‌లో ఉద్యోగంలో చేరిన తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, మా మేనేజరు శుక్రవారం సాయంత్రం సిగార్ లాంజ్‌కి రమ్మన్నాడు. ఏది కొనాలి, ఎలా కాల్చాలి, మిగిలితే ఎక్కడ దాచుకోవాలి?" నేను ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటాను. సిగార్ల ఊరు అని పేరున్న చోటు కాబట్టి మనవాళ్లు ఈ సందేహాన్ని నా దగ్గరికే తెస్తారు. ఇప్పుడు సెలవు మీద హనుమకొండ వస్తే, వీసా చేతికి వచ్చి పెట్టెలు సర్దుకుంటున్న పిల్లలు కూడా ఇదే అడుగుతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

పొగ అలవాటు లేనివాళ్లు ఆఫీసు కోసం మొదలుపెట్టవద్దు. "నేను తాగను" అంటే అక్కడ ఎవరూ బలవంతం చేయరు. లాంజ్‌లో అందరితో కూర్చుని కాఫీ తాగి వచ్చినా మర్యాదకు లోటు ఉండదు. సిగార్ పొగను లోపలికి పీల్చరు కాబట్టి ప్రమాదం లేదని కొందరు చెబుతారు. అది అబద్ధం. సిగార్ల వల్ల నోరు, అన్నవాహిక, స్వరపేటిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లు వస్తాయని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లోనే పెద్ద నివేదిక వెలువరించింది. కొన్ని పెద్ద సిగార్లలో ఒక్కో దానిలో సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉంటుంది. ఇవన్నీ తెలిసి, ఎప్పుడో ఒకసారి మంచి ఆకు రుచి చూడాలనుకునే పెద్దవాళ్లకే మిగతా మాటలు. అమెరికాలో 2019 డిసెంబరు నుంచి 21 ఏళ్లు నిండనివారికి పొగాకు అమ్మడం దేశమంతటా నేరం. పాస్‌పోర్టో, డ్రైవింగ్ లైసెన్సో వెంట ఉంచుకోండి.

ఇక అసలు సంగతి. సిగార్ అంటే తేమ ఉన్న ఆకు. ఎంచుకోవడమైనా, దాచడమైనా, కాల్చడమైనా ఆ తేమను కాపాడుకోవడమే. మీ అమ్మో అమ్మమ్మో బీడీలు చుట్టి ఉంటే ఇది మీకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. సిరిసిల్లలో, కోరుట్లలో, మెట్‌పల్లిలో, నిజామాబాద్ పల్లెల్లో తునికాకును నీళ్లలో తడిపి, తడి గోనెపట్టాలో చుట్టి ఉంచుతారు. ఆకు ఎండితే కత్తెర కింద పెళుసుగా విరిగిపోతుంది. తడి ఎక్కువైతే బూజు పడుతుంది. ఆ ఇంటి ఆడవాళ్లు ఏ యంత్రమూ లేకుండా వేళ్లతో తాకి ఆకు పదును చెబుతారు. సిగార్ దుకాణంలోనూ మీ వేళ్లే పనికొస్తాయి.

దుకాణంలో సిగార్లు ఉంచే గదిని హ్యూమిడార్ అంటారు. లోపలికి అడుగుపెట్టగానే చల్లటి తేమ ముఖానికి తగలాలి. తగలకపోతే ఆ దుకాణంలో కొనకండి. నచ్చిన సిగార్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని కింది కొస నుంచి పైకి చాలా మెల్లగా ఒత్తి చూడండి. కొద్దిగా అణిగి మళ్లీ లేవాలి. చిటపటలాడితే ఎండిపోయినట్టు. ఒత్తిన చోట గుంట అలాగే ఉండిపోతే తడి ఎక్కువైనట్టు. ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉంటే చుట్టడంలోనే లోపం ఉంది, అది వంకరగా కాలుతుంది. పైఆకు మీద సూదిమొనంత రంధ్రం కనిపిస్తే పురుగు తొలిచినట్టే. తెల్లటి నూగు కనిపిస్తే వదిలేయండి. అమ్మేవారు దాన్ని పాతబడిన ఆకు గొప్పతనంగా వర్ణించినా నమ్మకండి. వాసన చూడటానికి ముక్కుకు ఆనించవద్దు. మీరు కొనకపోతే దాన్ని మరొకరు నోట్లో పెట్టుకుంటారు.

సిగార్‌లో మూడు భాగాలు. లోపలి ఆకులు ఫిల్లర్, వాటిని పట్టి ఉంచేది బైండర్, పైన నున్నగా కనిపించేది రాపర్. కొత్తవాళ్లకు రాపర్ పేరు తెలిస్తే సగం ఎంపిక అయినట్టే. 'కనెటికట్ షేడ్' అని రాసి ఉన్నది అడగండి. కనెటికట్ నది లోయలో పలుచటి గుడ్డ పందిళ్ల నీడన పెంచే ఆకు అది. లేత గోధుమ రంగులో, మృదువుగా ఉంటుంది. అదే రకాన్ని ఈక్వడార్‌లో కూడా పండిస్తారు. అక్కడ మబ్బులే నీడ కాబట్టి పందిళ్ల పని లేదు. ముదురు రంగున్న 'మదురో' ఘాటుగా ఉంటుందని చాలామంది భయపడతారు. నిజానికి ఎక్కువకాలం పులియబెట్టడం వల్ల వచ్చిన రంగు అది. చాలా మదురోలు తియ్యగానే ఉంటాయి. ఘాటు లోపలి ఆకును బట్టి ఉంటుంది. మొక్క పైభాగంలో ఎండ బాగా తగిలే ఆకును 'లిహెరో' అంటారు, బలమంతా దానిదే. నికరాగువాలోని ఎస్తెలీ ప్రాంతపు సిగార్లలో ఈ ఘాటు బాగా తెలుస్తుంది. మిరపకాయ తిన్న నాలుక కదా అని మొదటిసారే దాని జోలికి పోకండి. ఇక్కడ తల తిప్పేది నికొటిన్, దానికి మన కారం అలవాటు ఏమీ పనిచేయదు.

పరిమాణం చెప్పే పద్ధతి మొదట తికమకగా ఉంటుంది. పొడవును అంగుళాల్లో చెబుతారు. లావును 'రింగ్ గేజ్' అంటారు, అంటే అంగుళంలో అరవై నాలుగో వంతు. 5 అంగుళాల పొడవు, 50 రింగ్ ఉంటే అది 'రొబుస్టో'. ముప్పావు అంగుళానికి కొంచెం ఎక్కువ లావు. గంటసేపు వస్తుంది. మొదటిసారికి ఇది చాలు. లావు తక్కువైన 'కరోనా' ఇంకా త్వరగా అయిపోతుంది. ఏడంగుళాల 'చర్చిల్' ఇప్పుడే వద్దు. ఒక్కటే కొనండి. పెట్టె మొత్తం కొంటే చవక పడుతుందని అమ్మేవారు చెప్పేది నిజమే కానీ మీ రుచి ఏమిటో మీకే తెలియనప్పుడు ఇరవై కొని ఏం చేస్తారు?

క్యూబా సిగార్ల మీద మోజు గురించి గట్టిగా హెచ్చరించాలి. 1962 ఫిబ్రవరిలో కెనెడీ క్యూబాతో వ్యాపారం నిషేధించినప్పటి నుంచి అవి అమెరికాలో అమ్మకానికి లేవు. 2015, 2016లలో సొంత వాడకానికి తెచ్చుకోవడానికి వెసులుబాటు ఇచ్చారు. 2020 సెప్టెంబరులో అదీ తీసేశారు. దుబాయ్ మీదుగానో, టొరంటో మీదుగానో వస్తూ కొనుక్కుని అమెరికా విమానాశ్రయంలో దిగవద్దు. వీసా మీద ఉన్నవాళ్లకు కస్టమ్స్ దగ్గర చిన్న మరక కూడా అక్కర్లేదు. డాలస్ దుకాణంలో కొహీబా, మాంటెక్రిస్టో అనే పేరున్న క్యూబా బ్రాండ్ల పేర్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆ పేర్లతో డొమినికన్ రిపబ్లిక్‌లో వేరే కంపెనీలు చేసే సిగార్లు అవి, చట్టబద్ధమైనవే. గల్ఫ్‌లో ఉన్న మన కరీంనగర్, నిజామాబాద్ అన్నలకు ఈ నిషేధం లేదు గానీ నకిలీల బెడద ఉంది. అద్దం మూత ఉన్న పెట్టెలో క్యూబా కొహీబా అని ఎవరైనా చూపిస్తే అది నకిలీ. ఆ కంపెనీ అలాంటి పెట్టెలు చేయదు.

టాంపా వస్తే మాత్రం ఈబోర్ సిటీ చూడండి. 1880లలో మార్టినెజ్ ఈబోర్ అనే సిగార్ల వ్యాపారి ఫ్లోరిడాలోనే ఉన్న కీ వెస్ట్ దీవి నుంచి తన ఫ్యాక్టరీని తెచ్చి నిలబెట్టిన పేట అది. వరుసగా బల్లల ముందు కూర్చుని కార్మికులు ఆకు చుడుతుంటే, ఎత్తైన పీట మీద ఒక మనిషి వాళ్లకు పత్రికలూ నవలలూ గట్టిగా చదివి వినిపించేవాడు. అతని జీతం యజమాని ఇచ్చేది కాదు, కార్మికులే తలా కొంత వేసుకుని ఇచ్చేవారు. 1931లో యజమానులు ఆ చదువరులను తీసేశారు. నాకు ఆ పేటలో తిరిగినప్పుడల్లా బీడీలు చుడుతూ రేడియో పెట్టుకునే మన ఇళ్లే గుర్తుకొస్తాయి. చేతులు పనిలో ఉన్నవాళ్లకు చెవులకు కూడా ఆకలి ఉంటుందని ఆ కార్మికులు గుర్తించారు. వాళ్ల మీద నాకున్న గౌరవం అంతా ఇంతా కాదు. 1910లో కట్టిన గడియారపు గోపురం ఫ్యాక్టరీలో ఇప్పటికీ సిగార్లు తయారవుతున్నాయి.

దాచడం గురించి వచ్చే సందేహాలే ఎక్కువ. ఐదారు సిగార్లకు చెక్క హ్యూమిడార్ అవసరం లేదు. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా కొత్తది తీసుకోండి. ఊరగాయ పెట్టిన డబ్బా ఎంత కడిగినా పనికిరాదు, సిగార్ ఆ వాసనంతా లాగేస్తుంది. అందులో 65 లేదా 69 అని రాసి ఉన్న తేమ పొట్లం ఒకటి వేయండి. ఆ అంకె గాలిలో తేమ శాతం. తగ్గితే పొట్లం తేమ వదులుతుంది, పెరిగితే పీల్చుకుంటుంది. డబ్బాలో 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడి ఉంటే చాలు. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ పెట్టుకుంటే మంచిదే కానీ కొత్తవి కూడా తప్పు చూపిస్తాయి. సీసా మూతలో ఉప్పు పోసి, కరగకుండా ముద్ద అయ్యేలా కొన్ని నీటి చుక్కలు వేయండి. దాన్ని, హైగ్రోమీటర్‌ను కలిపి గాలి చొరని సంచిలో రాత్రంతా ఉంచండి. తెల్లవారి 75 చూపించాలి. 71 చూపిస్తే మీ మీటరు నాలుగు తక్కువ చెబుతోందని గుర్తుంచుకోండి.

తర్వాత ఎప్పుడైనా చెక్క పెట్టె కొంటే లోపల 'స్పానిష్ సీడర్' పలక ఉందో లేదో చూడండి. పేరు ఏదైనా అది దేవదారు కాదు, మన వేప కుటుంబానికి చెందిన చెట్టు. కొత్త పెట్టెలో వెంటనే సిగార్లు పెట్టకూడదు. ఎండు చెక్క వాటి తేమను తాగేస్తుంది. ముందు రెండు వారాలు 84 శాతం పొట్లాలు పెట్టి చెక్కను సిద్ధం చేయాలి. ఫ్రిజ్‌లో మాత్రం దాచవద్దు, ఎండిపోతాయి.

పురుగు సంగతి మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. పొగాకును తొలిచే ఈ చిన్న గోధుమరంగు పురుగు, నిజామాబాద్ పసుపు కొమ్ములనూ ఎండు మిరపకాయలనూ తొలిచే పురుగు ఒకటే. వేడి 24 డిగ్రీలు దాటితే గుడ్లు పొదిగే ప్రమాదం పెరుగుతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు, కారం ఉన్న అలమరలో సిగార్ల డబ్బా పెట్టవద్దు. పురుగు కనిపిస్తే మంచివాటిని వేరుచేసి, గాలి చొరని సంచిలో మూడు రోజులు ఫ్రీజర్‌లో, ఆ తర్వాత ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీయండి. ఒక్కసారిగా వేడిలోకి తెస్తే పైఆకు పగులుతుంది.

కాల్చే ముందు కడుపు నిండా తినండి. ఒక్కపొద్దు ఉన్న రోజు అసలే వద్దు. చెమటలు పట్టి, వాంతి వచ్చేలా ఉంటే పక్కన పెట్టి ఏదైనా తియ్యటిది తాగండి. గుండ్రటి తల వైపు చిన్న టోపీలా అతికించిన ఆకు ఉంటుంది. రెండు మిల్లీమీటర్లు కోస్తే చాలు. టోపీ అతుకు కిందికి కోస్తే రాపర్ మొత్తం విప్పుకుంటుంది. పెట్రోలు లైటర్ వాసన ఆకుకు పడుతుంది, కాబట్టి గ్యాస్ లైటర్ గానీ అగ్గిపుల్ల గానీ వాడండి. పుల్ల గీసి, గంధకం కాలిపోయాక దగ్గరికి తీసుకోండి. మంట ఆకును తాకకుండా కొస అంతా ఎర్రబడేలా తిప్పుతూ అంటించాలి. ఆ తర్వాత నిమిషానికి ఒక దమ్ము, అంతే. పొగ నోటిలో నిలిపి వదలాలి, రొమ్ములోకి లాగవద్దు. త్వరగా లాగితే వేడెక్కి చేదు అవుతుంది. బూడిద అంగుళం దాకా నిలిచి ఉండనివ్వండి. చివరి మూడో భాగంలో నోరు మండితే అక్కడితో ఆపండి. సిగరెట్ లాగా నలిపి ఆర్పకండి, పళ్లెంలో వదిలేస్తే దానంతటదే ఆరుతుంది. మన దగ్గర బీడీ ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. సిగార్ ఎవరిది వారిదే, "ఒక దమ్ము ఇవ్వు" అని అడగకూడదు. లాంజ్‌కి వెళితే అక్కడే కొనండి.

బీమా పత్రాల్లో పొగాకు ప్రశ్నకు నిజం రాయండి. అమెరికా ఆరోగ్య బీమా చట్టం ప్రకారం గడచిన ఆరు నెలల్లో సగటున వారానికి నాలుగుసార్లు, అంతకు మించి వాడితే పొగాకు వాడకందారు కింద లెక్క, ప్రీమియం పెరగవచ్చు. జీవిత బీమా కంపెనీల లెక్కలు వేరు, అప్పుడప్పుడూ తాగే సిగార్‌ను కూడా అడుగుతాయి. దాచిపెట్టి, తర్వాత రక్తంలోనో మూత్రంలోనో బయటపడితే ఆపదలో మీ ఇంటివాళ్లకు డబ్బు అందకపోవచ్చు. అద్దె ఒప్పందంలో బాల్కనీలోనూ పొగ నిషేధమని ఉందేమో చదివి సంతకం చేయండి. పసిపిల్లలున్న ఇంట్లో, కారులో ఎన్నడూ వెలిగించవద్దు.

ఇంటికి వచ్చేటప్పుడు బాబాయికో మేనమామకో తెస్తామని అడుగుతున్నారు. భారతదేశానికి సుంకం లేకుండా 25 సిగార్లు తేవచ్చు, లేదా 100 సిగరెట్లు, లేదా 125 గ్రాముల పొగాకు. ఏదో ఒకటే. మంట జోరుగా చిమ్మే జెట్ లైటర్‌ను విమానంలో చేతిసంచిలోనూ పెట్టెలోనూ ఒప్పుకోరు, అక్కడే వదిలేయండి. మే నెలలో వరంగల్ ఎండ నలభై దాటుతుంది, సిగార్లను బీరువాలో పెడితే పురుగు లేస్తుంది. వానాకాలంలో బూజు. అందుకే నాలుగైదు కంటే ఎక్కువ తేవద్దని నా సలహా. డబ్బాలో 65 పొట్లంతో పాటు ఇవ్వండి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో పెట్టమనండి. నాయనమ్మ ముందు కాకుండా పక్కకు పిలిచి ఇవ్వండి. ఆయన గుండె జబ్బుకు మందులు వాడుతున్నారని తెలిస్తే మాత్రం సిగార్ల బదులు ఇంకేదైనా తీసుకెళ్లండి.