దెబ్బ తగల్లేదు కదా, ఇంకా ఎందుకు జడుసుకుంటోంది?

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడి బిడ్డకు పదిహేనేళ్లు. అమెరికాలోనే పుట్టి పెరిగింది. రెండేళ్ల కింద వాళ్ల స్కూల్లో కాల్పులు జరిగాయి. తను పక్క బిల్డింగులో, గడియ పెట్టిన క్లాసురూములో, లైట్లు ఆర్పేసి మూడు గంటలు కూర్చున్నదట. ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. ఈ సెలవులకు హన్మకొండ వచ్చారు. బంధువుల పెళ్లిలో బరాత్ వచ్చి పటాకులు కాల్చేసరికి ఫంక్షన్ హాల్లో భోజనాల టేబుల్ కిందికి దూరి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని కూర్చుంది. ఎంత పిలిచినా రాలేదు. మా అమ్మ కాజీపేట దర్గాకు తీసుకుపోయి తాయత్తు కట్టించింది. మా తమ్ముడేమో "దెబ్బ తగల్లేదు కదా, రెండేళ్లయింది, ఇంకెన్నాళ్లు" అని విసుక్కుంటున్నాడు. పిల్లను ఇక్కడే ఉంచి చదివించమంటారా?
– ఒక మేనత్త, హన్మకొండ

జవాబు: అక్కా, మీ ఉత్తరంలో ఆ చెప్పుల దగ్గర ఆగిపోయాను. నడిస్తే చప్పుడవుతుందని విప్పి ఉంటుంది. బయట డీజే మోగుతుంటే, పటాకులు పేలుతుంటే, తన చెప్పుల చప్పుడు ఎవరికీ వినబడకూడదనుకుంది ఆ పిల్ల. ఆ కాసేపు తను మీ పెళ్లిలో లేదు, లైట్లు ఆర్పిన ఆ క్లాసురూములోనే ఉంది. ప్రాణం మీదికి వచ్చిన రోజు విన్న చప్పుడు, పీల్చిన వాసన ఒంట్లో నిలిచిపోతాయి, మళ్లీ అలాంటిదేదైనా తగిలితే ఇది పెళ్లి, ఇవి పటాకులు అన్న ఆలోచన వచ్చేలోపే చేతులూ కాళ్లూ తమ పని తాము చేసేస్తాయి.

మీ తమ్ముడి మీద నాకు కోపం లేదు. కానీ ఆయనకు ఒక సంగతి చెప్పండి. టెక్సాస్‌లో 1995 నుంచి 2016 దాకా కాల్పులు జరిగిన ప్రభుత్వ స్కూళ్ల పిల్లలను, అలాంటివే అయిన వేరే స్కూళ్ల పిల్లలతో పోల్చి ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. గాయపడ్డవాళ్లను మాత్రమే కాదు, ఆ రోజుల్లో ఆ బడిలో చదువుతున్న పిల్లలందరినీ లెక్కలోకి తీసుకున్నారు. బడి ఎగ్గొట్టడం పెరిగింది, అదే క్లాసు మళ్లీ చదవాల్సి రావడం పెరిగింది, కాలేజీలో చేరేవాళ్లు తగ్గారు, ఇరవై నాలుగు నుంచి ఇరవై ఆరేళ్ల వయసుకు వచ్చేసరికి ఉద్యోగాలూ సంపాదనా కూడా తగ్గాయి. అంటే మీ తమ్ముడు రెండేళ్లకే విసుక్కుంటున్నది పదేళ్ల తర్వాత కూడా కనిపించే దెబ్బ గురించి. ఇంకో అధ్యయనంలో 2008 నుంచి 2013 మధ్య జరిగిన 44 స్కూలు కాల్పులు తీసుకుని చూస్తే, వాటిలో ప్రాణాలు పోయిన చోట్ల, ఆ బడికి ఎనిమిది కిలోమీటర్ల లోపల, ఇరవై ఏళ్ల లోపు వాళ్లకు డిప్రెషన్ మందులు రాయడం తర్వాతి రెండేళ్లలో 21 శాతం పెరిగింది. పక్క బిల్డింగు అన్నారు కదా మీరు, అది ఎంత దూరమని!

టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే తెలుసు కదా. 1996 మార్చి 13న స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో ఒకడు పదహారు మంది పిల్లల్ని, ఒక టీచర్‌ని చంపినప్పుడు ముర్రే అదే బడిలో ఎనిమిదేళ్ల పిల్లాడు. తర్వాత ఓ ఏడాది పాటు పోటీల్లో ఆడుతుంటే ఊపిరి అందేది కాదని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. అమ్మానాన్నలు విడిపోవడం, అన్న ఇల్లు వదిలి వెళ్లడం కూడా తోడయ్యాయట. ఇవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అందుకే పిల్లలు దేనికి ఏడుస్తున్నారో వాళ్లకే తెలియదు.

అంత దూరం ఎందుకు. ములుగు, భూపాలపల్లి వైపు ఎన్‌కౌంటర్ల రోజుల్లో పెరిగినవాళ్లు నాకు తెలుసు. అరవై దాటినా అర్ధరాత్రి ఇంటి ముందు జీపు ఆగిన చప్పుడైతే లేచి కూర్చుంటారు. వాళ్లను "నీకు తూటా తగల్లేదు కదా" అని మనమెవ్వరం అడగం. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎందుకో అడుగుతాం.

తాయత్తు ఉండనివ్వండి. నానమ్మ చేయి పట్టుకుని తీసుకుపోయిందంటే అదీ ఒక ధైర్యమే. దాంతోపాటు డాక్టరుకి చూపించండి. రెండేళ్లయినా ఇలా ఉంటే దానంతటదే పోతుందని కూర్చోవద్దు. పిల్లల మానసిక వైద్యంలో ఇలాంటి గాయాల కోసమే ఒక పద్ధతి ఉంది, ట్రామా ఫోకస్డ్ సీబీటీ అంటారు, కొన్ని నెలల పాటు వారం వారం కూర్చుంటారు, అమ్మానాన్నల్నీ కూర్చోబెడతారు. అక్కడ ఇప్పటికే ఎవరికైనా చూపిస్తుంటే సెలవుల్లో కూడా ఫోన్‌లోనైనా తెగకుండా చూడండి. లేకపోతే ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఒక మాట గట్టిగా చెబుతున్నా అక్కా: "నేనొక్కదాన్నే ఎందుకు మిగిలాను", "నేను లేకపోతేనే నయం" లాంటి మాట ఎప్పుడు వచ్చినా ఆ పూట ఒంటరిగా వదలొద్దు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఫ్లోరిడాలోని పార్క్‌ల్యాండ్ హైస్కూల్లో 2018 ఫిబ్రవరి 14న పదిహేడు మంది చనిపోయారు. ఆ కాల్పుల నుంచి బయటపడ్డ ఇద్దరు పిల్లలు ఏడాది దాటాక, 2019 మార్చిలో, ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి టీవీ కెమెరాలు వెళ్లిపోయి చాలా కాలమైంది.

ఇక ఇంట్లో. పెళ్లికో ఊరేగింపుకో వెళ్లాల్సి వస్తే పటాకులు ఎప్పుడు కాలుస్తారో ముందే చెప్పండి, బయటికి పోయే తలుపు కనబడేలా కూర్చోనివ్వండి, రానంటే బతిమాలొద్దు. జరిగింది చెప్పమని చుట్టాల ముందు అసలు అడగొద్దు.

ఇక్కడే ఉంచాలా అన్నారు. నేను ఉంచమనీ చెప్పను, పంపమనీ చెప్పను, తననే అడగండి. ఇక్కడ తుపాకీ భయం తక్కువే. కానీ ఆ మూడు గంటలు తన పక్కన కూర్చున్న స్నేహితులు అక్కడున్నారు, ఏమీ చెప్పకుండానే అర్థం చేసుకునేది వాళ్లే. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ స్కూల్లో కాల్పుల నుంచి బయటపడ్డవాళ్లు పదమూడేళ్ల తర్వాత, 2012లో, రెబెల్స్ ప్రాజెక్ట్ అని ఒక సంఘం పెట్టుకున్నారు, ఇలాంటి ఘటనల్లో మిగిలినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికే. పదమూడేళ్ల తర్వాత కూడా వాళ్లకు ఆ అవసరం ఉందన్నమాట.

ప్రశ్న: మేడమ్, అమెరికాలో కాల్పులు జరిగిన బడిని మళ్లీ ఎలా తెరుస్తారు? పోయినేడాది మా స్కూల్ బస్సు ప్రమాదంలో ఆరో తరగతి పిల్లలు ఇద్దరు పోయారు. మర్నాడే వాళ్ల బెంచీ తీసేసి స్టోరు రూములో పెట్టాం. పిల్లలు ఆ జాగాలో ఎవరూ కూర్చోవట్లేదు.
– ఒక టీచర్, జగిత్యాల జిల్లా

జవాబు: సార్, ఒక్కో చోట ఒక్కోలా చేశారు. కనెక్టికట్‌లోని శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగి 2012 డిసెంబరు 14న ఇరవై మంది చిన్నపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్లు చనిపోయాక ఆ బడిని పూర్తిగా కూల్చి, 2016లో కొత్తది తెరిచారు. అప్పటిదాకా పిల్లలందరినీ చెదరగొట్టకుండా కలిపే పక్క ఊరి బడిలో చదివించారు. కొలంబైన్ బడి అలాగే ఉంది. ఎక్కువమంది చనిపోయిన లైబ్రరీని మాత్రం తీసేసి వేరే చోట కొత్తది కట్టారు. వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 2007 కాల్పుల్లో 32 మంది పోయారు, తమిళనాడులో పుట్టిన ప్రొఫెసర్ లోగనాథన్ క్లాసు చెబుతూనే ప్రాణం విడిచారు. ఎక్కువమంది చనిపోయిన నారిస్ హాల్ అనే ఆ బిల్డింగును కూల్చలేదు, లోపల మార్చి శాంతి అధ్యయన కేంద్రం పెట్టారు.

గోడల కంటే నాకు కొలంబైన్ ప్రిన్సిపాల్ ఫ్రాంక్ డిఏంజెలిస్ చేసింది ముఖ్యమనిపిస్తుంది. ఆ రోజు గంటలకొద్దీ మోగిన ఫైర్ అలారం చప్పుడును మార్పించాడు. ఆ రోజు క్యాంటీన్‌లో పెట్టిన వంటకం మళ్లీ వండించలేదు. అప్పుడు ఆ ఊళ్లో చిన్న తరగతుల్లో ఉన్న పిల్లలు కూడా తన బడిలో చదివి బయటికి వెళ్లేదాకా ఉంటానని మాటిచ్చి 2014 దాకా ఉన్నాడు. ఇలాంటివి జరిగాక ఏటా టీచర్లు మారిపోతుంటే పిల్లలు ఎవరిని నమ్ముతారు చెప్పండి.

శాండీ హుక్‌లో మిగిలిన ఒకటో తరగతి పిల్లలు 2024 జూన్‌లో హైస్కూల్ పూర్తి చేశారు. ఆ సభలో, ఒకటో తరగతిలోనే ఆగిపోయిన ఇరవై మంది పేర్లూ చదివారు. దాదాపు పన్నెండేళ్ల కిందటి పేర్లు సార్.

మీరు బెంచీ మంచి మనసుతోనే తీశారు, కానీ పిల్లల్ని అడక్కుండా తీశారు. వాళ్లకిప్పుడు అక్కడ ఖాళీ కనిపిస్తోంది, దాని గురించి మాట్లాడొచ్చో లేదో తెలియట్లేదు. ఒక పీరియడ్ పాఠం ఆపి, ఆ ఇద్దరి పేర్లు మీరే ముందు పలికి, బెంచీ ఏం చేద్దామని అడగండి. వెనక్కి తెచ్చుకుంటామంటారో, లైబ్రరీలో పెడదామంటారో, ఏడుస్తారో, ఏమైనా సరే. ప్రమాదం జరిగిన తేదీ దగ్గరికి వస్తోంది కదా, ఆ వారం పరీక్షలు పెట్టకండి. ఆ రెండు ఇళ్లకూ ముందే ఒకసారి వెళ్లి, బడిలో మేమేం చేద్దామనుకుంటున్నామో ఇది అని ఆ అమ్మానాన్నలకు చెప్పి రండి.