మొదటి టరాంటులా చిన్నదైతే చాలదు, నెమ్మదైనది కావాలి

"డాలస్‌లో అపార్ట్‌మెంట్. కుక్కకీ పిల్లికీ వీల్లేదు. పదకొండేళ్ళ మావాడు టరాంటులా, అదే పెద్ద బొచ్చు సాలీడు, కావాలని పట్టుబట్టాడు. చిన్నగా, సాధువుగా ఉండే మరుగుజ్జు రకం ఏది?" అని ఒకరు అడిగారు.

చిలీ దేశపు హోమియోమా చిలెన్సిస్ తీసుకోండి. ఇంకో ఆలోచన అక్కర్లేదు. 2018లో శాస్త్రీయ నామం వచ్చేదాకా దీన్ని 'యుయాథ్లస్ స్పీషీస్ రెడ్' అనేవారు. అమ్మేవాళ్ళలో చాలామంది ఇప్పటికీ ఆ పేరే రాస్తారు కాబట్టి రెండూ గుర్తుపెట్టుకోండి. పూర్తిగా ఎదిగాక కూడా కాళ్ళు చాపితే ఏడెనిమిది సెంటీమీటర్లే. పొట్ట మీద నిప్పు రంగు నూగు ఉంటుంది. మూత తీస్తే ఉలిక్కిపడి పరుగెత్తడం చాలా అరుదు.

మరుగుజ్జు రకాలన్నీ ఇలాగే ఉంటాయనుకుంటే దెబ్బతింటారు. సిరియోకాస్మస్ ఎలిగాన్స్ అయిదు సెంటీమీటర్లకి మించదు, పొట్ట మీద హృదయాకారపు మచ్చతో ముచ్చటగా ఉంటుంది. కానీ మూత తీసిన మరుక్షణం చెయ్యి దాటి మోచేతి దాకా ఎక్కేయగలదు. పంప్‌కిన్ ప్యాచ్ పేరుతో అమ్మే హాపలోపస్ కూడా అంతే. గుమ్మడిపండు రంగు మచ్చలు చూసి కొంటారు, తర్వాత సోఫా కింద వెతుక్కుంటారు.

ఇంకో మాట. మన ప్రాంతపు అభిమానంతో గుత్తి నీలం సాలీడు మీదికి మనసు పోతుంది. దయచేసి వద్దు. 1899లో గుత్తి దగ్గర దొరికిన ఒక్క నమూనాతో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ దాన్ని వర్ణించాడు. మళ్ళీ 2001లో గిద్దలూరు, నంద్యాల మధ్య అడవిలో కనిపించింది. అంత చిన్న అడవికి పరిమితమైన, అంతరించే ప్రమాదంలో ఉన్న జీవి అది. పైగా మెరుపులా కదులుతుంది. దాని జాతివి కుడితే కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి. పిల్లల గదిలో ఉండాల్సింది కాదు.

సెంటీమీటరు హోమియోమా పిల్లని చౌకగా వస్తుందని కొనకండి. ఈ రకం ఎదగడానికి అయిదారేళ్ళు దాటొచ్చు, అంత చిన్నప్పుడు నీళ్ళు తగ్గితే తట్టుకోలేదు. మూడు నాలుగు సెంటీమీటర్లున్న, ఆడదని తేలినదాన్ని అడగండి. ఆడది పదిహేనేళ్ళు కూడా బతకొచ్చు. మగది ఆఖరి కుబుసం విడిచాక ఎక్కువ కాలం ఉండదు.

ఇరవై సెంటీమీటర్ల చదరపు పెట్టె చాలు, పక్కల గాలిరంధ్రాలు ఉండాలి. ఎరువు కలపని తోటమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం సగం కలిపి ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల మందంలో నొక్కి పరచండి. మట్టి పైనుంచి మూత దాకా ఎత్తు, దాని కాళ్ళ చాపుకి ఒకటిన్నర రెట్లు మించకూడదు. గోడ ఎక్కి జారిపడితే పొట్ట పగిలి చచ్చిపోతుంది. ఇళ్ళలో వీటికి జరిగే ప్రమాదాల్లో అన్నిటికన్నా ఘోరమైనది ఇదే. దాక్కోడానికి బెరడు ముక్క బోర్లించండి, నీళ్ళకి సీసా మూత పెట్టండి. మూతలో స్పాంజి పెట్టమని దుకాణాల్లో చెప్తారు. అది కుళ్ళు తప్ప మరేం ఇవ్వదు. వేడి దీపమూ అక్కర్లేదు. మీకు ఏసీలో హాయిగా ఉండే 22–25 సెల్సియస్ డిగ్రీలే దానికీ హాయి. మట్టి పొడిగానే ఉంచి, ఒక మూల మాత్రం అప్పుడప్పుడు తడపండి.

వారం పది రోజులకొక కీచురాయి, దాని పొట్ట కన్నా పెద్దది కాకుండా వేయండి. మర్నాటికి తినకపోతే తీసేయండి. నెలల తరబడి తినకపోయినా పొట్ట నిండుగా ఉంటే కంగారు వద్దు, కుబుసానికి సిద్ధమవుతూ ఉండొచ్చు.

కుబుసం విడిచే రోజే చాలామంది పొరపాటు చేస్తారు. పొట్ట రంగు ముదురుతుంది, నేల మీద పల్చటి పట్టు పరుపు అల్లుకుంటుంది, దాని మీద వెల్లకిలా పడుకుంటుంది. చచ్చిపోయిందనుకుని చెత్తబుట్టలో వేసినవాళ్ళున్నారు! గంటల తరబడి అలాగే ఉంటుంది. ముందు వీపు డిప్ప మూతలా ఊడుతుంది, తర్వాత ఎనిమిది కాళ్ళూ చేతి తొడుగులోంచి వేళ్ళు లాగినట్టు కొద్దికొద్దిగా బయటికి వస్తాయి. అప్పుడు కోరలు పాలలా తెల్లగా ఉంటాయి. ఎర్రబడి, నల్లబడే దాకా, అంటే వారం పది రోజులు, తిండి పెట్టకూడదు. పెట్టెలో కీచురాయి మిగిలితే మెత్తగా ఉన్న సాలీడునే కొరికేస్తుంది. నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు వెల్లకిలా పడదు, నేల మీదే కాళ్ళు ఒంటి కిందికి ముడుచుకుంటుంది, పొట్ట ముడతలు పడుతుంది. అప్పుడు నోరు నీటి అంచుకి తగిలేలా పెట్టాలి.

మీవాడు చేతిలోకి తీసుకుంటానంటాడు. వద్దనండి. కుట్టడం కన్నా కిందపడటమే భయం. బెదిరితే వెనక కాళ్ళతో పొట్ట మీది నూగు రాలుస్తుంది, దూలగొండి నూగు అంటినట్టే ఉంటుంది. చర్మానికైతే టేపు అంటించి లాగి కడిగేయొచ్చు. కంట్లో పడితే మాత్రం నలపకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పెట్టెలో ఏ పనైనా పొడుగాటి పట్టకారుతోనే చేయించండి.

విడిచిన కుబుసం పారేయకండి. పాత్రలు కడిగే సబ్బు ఒక్క చుక్క కలిపిన నీళ్ళలో నానబెట్టి, పొట్ట చర్మం మెల్లగా విప్పి, ముందు జత ఊపిరితిత్తుల మచ్చల మధ్య భూతద్దంతో చూడండి. లోపలి వైపు చిన్న మడతలా లేచి ఉంటే ఆడది.