పాత డీజిల్ పికప్, తుప్పు పట్టిన పైపు, చేతికొచ్చిన కొటేషన్

మీ ప్రశ్న చదివాను. సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ పికప్ కొన్నారు. మొదటి చలికాలం గడిచేసరికి కింద నుంచి బరబరమని మోత మొదలైంది. షాపుకి తీసుకెళ్తే ఎగ్జాస్ట్ సిస్టమ్, అంటే ఇంజను పొగని బయటికి పంపే గొట్టాల వరస, మొత్తం మార్చాలని ఓ కాగితం చేతిలో పెట్టారు. ఆ అంకె చూసినప్పటి నుంచి మీకు నిద్ర లేదు. అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఇదే జబ్బు. అంకె కనపడగానే మనసులో రూపాయల్లోకి మార్చేసుకుంటారు. ఆ తర్వాత భయపడి అడిగినంతా కట్టేస్తారు, లేదంటే ఏమీ చెయ్యకుండా రేడియో సౌండ్ పెంచుకుని తిరుగుతారు. రెండూ డబ్బు దండగే.

నా మొదటి ట్రక్కుతో ఈ రెండూ అయ్యాయి, అదీ వరసగా. మొదట రేడియో. తర్వాత విడిభాగాల దుకాణంలో దొరికే చుట్టుడు పట్టీ, దాని మీద లప్పం. అది ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ బానే ఉంది, హైవే ఎక్కి ఇంజను బాగా వేడెక్కేసరికి పెళుసెక్కి ఊడిపోయింది. సరే, పైపు ముక్కే వేద్దామని పాతదాని సైజులోనే కొత్తది కొనుక్కొచ్చాను. ఒకే సైజు పైపులు ఒకదాంట్లో ఒకటి దూరవన్న సంగతి ట్రక్కు కింద వెల్లకిలా పడుకున్నాక గానీ తట్టలేదు. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది, గోడకి తగిలించుకోవడానికి. చివరికి విసుగొచ్చి పెద్ద షాపుకి తోలుకెళ్ళి సిస్టమ్ మొత్తం మార్పించాను. ఆ నెల క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ ఇప్పటికీ గుర్తే.

అసలు బాధ ఏమిటంటే, వాళ్ళు విప్పి పారేసిన పైపులో చెడిపోయింది జానెడు. మిగతాదంతా గట్టిగా ఉంది. దాన్ని ఇంటికి తెచ్చుకుని స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూశాను. బాగున్నచోట ఖంగుమంది, కుళ్ళినచోట డప్పుమని మొద్దు శబ్దం చేసి తుప్పు పెచ్చులు రాల్చింది. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. బండి పూర్తిగా చల్లారాక టార్చి పట్టుకుని మీరూ కిందికి దూరండి. మోత తగ్గించే డబ్బా (మఫ్లర్) వెనక అతుకు, పైపుని వేలాడదీసే హ్యాంగర్ కమ్మీ వెల్డు చేసినచోట్లు, పైపుని బిగించే క్లాంపుల కింద, పైపు బాగా కిందికి వంగినచోట కొట్టి చూడండి. గ్యాస్ కారుతున్నచోట చుట్టూ నల్లటి మసి చార కనపడుతుంది. ఇంధనం మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. దగ్గర దగ్గర తిరుగుళ్ళకి పైపు సరిగ్గా వేడెక్కదు, ఆ నీరు పల్లంలో నిలిచి లోపలి నుంచి తింటుంది. బయటి నుంచి తినడానికి చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఉండనే ఉంది. ఆఫీసు ఇంటికి పక్కనే ఉందని మురిసిపోతారు గానీ, పైపుకి అదే శాపం.

ఇప్పుడు హద్దు ఎక్కడో తెలుసుకోండి. 2007 మోడల్ నుంచి ఇక్కడి డీజిల్ పికప్‌లకి మసి పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, వచ్చింది. 2010 తర్వాతవాటిలో చాలావాటికి పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి యూరియా ద్రవం పోసే ఎస్‌సీఆర్ అనే భాగం కూడా ఉంటుంది. ఈ రెండూ, వాటికి గుచ్చి ఉన్న సెన్సర్లూ దాటాక వెనక మిగిలే మామూలు పైపే మన రాజ్యం. చిల్లు వాటికి ముందు ఉన్నా, సెన్సర్ పక్కనే ఉన్నా, ఇంజను ఊపుకి వంగే ముడతల గొట్టం దగ్గర ఉన్నా చెయ్యి పెట్టకండి. అక్కడ ఆదా చేసింది సెన్సర్ల రూపంలో వడ్డీతో సహా వసూలవుతుంది. ఫిల్టర్ తీసేయించు, మైలేజీ పెరుగుతుంది అని సలహా ఇచ్చే మిత్రుడు ఒకడు తప్పకుండా దొరుకుతాడు. ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు. వివరాలు ఈపీఏ, అంటే ఇక్కడి కేంద్ర పర్యావరణ సంస్థ, సైట్లో, మీ రాష్ట్రం ఇన్‌స్పెక్షన్ రూల్స్‌లో చూసుకోండి.

ఇంకో చిన్న పని. ఫిల్టర్ ఉన్న బండి అయితే, చల్లగా ఉన్నప్పుడు పొగ బయటికొచ్చే టెయిల్‌పైపు చివర లోపల వేలితో రుద్దండి. వేలికి పెద్దగా ఏమీ అంటకూడదు. కాటుకలా నల్లగా అంటుకుందంటే ఫిల్టర్ లోపల పగిలి ఉండొచ్చు, పైపు ముక్క సంగతి తర్వాత. కొనేముందే ఈ వేలు పెట్టి ఉంటే బేరం ఆడటానికి పనికొచ్చేది. పోనీండి, వచ్చేసారి.

కొలత. లావు కొలిచే కాలిపర్ లేకపోతే దానికోసం కొనకండి. పైపు చుట్టూ దారం చుట్టి, దాని పొడవుని 3.14తో భాగించండి. దారం 11 అంగుళాలు వస్తే పైపు మూడున్నర, పన్నెండున్నర వస్తే నాలుగు. ఇది బయటి కొలత. తుప్పు పెచ్చులు వైర్ బ్రష్‌తో రుద్దేశాకే కొలవండి, లేదంటే లావు ఎక్కువ చూపిస్తుంది. పైపులు సాధారణంగా బయటి కొలత పేరుతో అమ్ముతారు. ఒకదాంట్లో ఒకటి దూరాలంటే కొత్త ముక్క చివర విప్పారి ఉండాలి, ఆ విప్పారిన చోట లోపలి కొలత మీ పాత పైపు బయటి కొలతకి సరిపోవాలి. నేను పైపు కొనేటప్పుడు పట్టించుకోకుండా వదిలేసిన సంగతి అదే. ఇంకా సులువు కావాలంటే అదే సైజు ముక్క ఎదురెదురుగా ఆనించి, పైన వెడల్పు పట్టీలా చుట్టుకునే బట్ జాయింట్ బ్యాండ్ క్లాంపు వేయండి. అప్పుడు ఖాళీ ఎంతో ముక్క అంతే, లోపలికి దూరే పొడవు కలుపుకునే పని లేదు.

పైపు రకంలో లోభమూ వద్దు, దుబారా వద్దు. అల్యూమినియం పూత ఉక్కు చవక, కానీ కోసినచోట పూత పోతుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. కోసిన అంచుకి వేడి తట్టుకునే పెయింటు పూయాలి. ఉప్పు చల్లే రాష్ట్రంలో ఉండి, ఈ బండిని ఇంకొన్నేళ్ళు వాడేట్టయితే 409 స్టెయిన్‌లెస్ తీసుకోండి. పైపైన కాస్త ఎర్రబడుతుంది గానీ తొందరగా చిల్లు పడదు. 304 ఇంకా మేలిరకమే, అయితే పనికెళ్ళే ట్రక్కుకి ఆ సోకు అక్కర్లేదు. నీళ్ళ గొట్టాలకి వాడే జింకు పూత పైపు మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. వెల్డింగ్ వేడికి దాని పొగ జ్వరం తెప్పిస్తుంది. క్లాంపుల్లో యు-బోల్టు రకం చవక, బిగిస్తే పైపుకి గాడి పడిపోతుంది, మళ్ళీ విడదీయాలంటే కోతే గతి. బ్యాండ్ క్లాంపుకి కాస్త ఎక్కువ పెట్టండి. డబ్బు గురించి ఇంత సణిగే నేనే చెప్తున్నాను.

బండి ఎత్తు బాగా ఉంటే జాకీ లేకుండానే కిందికి దూరొచ్చు. చోటు చాలకపోతే ముందు స్పేర్ టైరు దించి చూడండి. ఎత్తక తప్పకపోతే ఎత్తిన బండి బరువు మోసే జాక్ స్టాండ్లు కొనండి, ఒట్టి జాకీని నమ్మి కింద పడుకోవద్దు. హాస్పిటల్ బిల్లు ముందు ఈ కొటేషన్ చిల్లర. నట్లకి తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే కొట్టి పెట్టండి. కుళ్ళు కనపడినచోట కాకుండా, ఖంగుమన్నచోటికి వెళ్ళి కొయ్యండి. ఓ గుండ్రటి హోస్ క్లాంపు పైపు చుట్టూ బిగించి దాని అంచు వెంబడే బ్లేడు నడిపిస్తే కోత వంకర పోదు. కళ్ళద్దాలు తప్పనిసరి, తుప్పు పొడి నేరుగా కళ్ళలోకే రాలుతుంది. కోసిన అంచుల్లో లేచిన ముళ్ళని ఆకురాయితో అరగదీయండి. ముక్కని దూర్చి వేసేట్టయితే రెండువైపులా రెండేసి అంగుళాలు లోపలికి పోవాలి. దానికోసం వెనక పైపుని రబ్బరు హ్యాంగర్ల నుంచి వదులు చేసి వెనక్కి జరపాలి. సబ్బు నీళ్ళు రాస్తే ఆ రబ్బర్లు తేలిగ్గా జారతాయి.

క్లాంపులు ఒకేసారి గట్టిగా బిగించకండి. అన్నీ వదులుగా పెట్టి, పైపు ఎక్కడా బ్రేకు లైనుకీ, వైర్లకీ, స్పేర్ టైరుకీ ఆనకుండా తిప్పి చూసుకుని, అప్పుడు ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. ఫిల్టర్ తనలోని మసిని కాల్చుకునేటప్పుడు వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది, ఆ సెగ వెనక పైపుకీ వస్తుంది. అడ్డమొచ్చాయని తీసిన, ఆ సెగని ఆపే రేకులు మళ్ళీ బిగించండి. వెల్డు చేయిస్తే మాత్రం బ్యాటరీ నెగటివ్ వైరు తీయించాకే చేయించండి. బండిలోని కంప్యూటర్ పోతే దాని ధర నేను రాయను, మీకు మళ్ళీ నిద్ర పట్టదు.

స్టార్ట్ చేసి చూసేది ఆరుబయటే. మూసిన గ్యారేజీలో వద్దు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే తేల్చింది. అతుకుల మీద సబ్బు నీళ్ళు చల్లండి, బుడగలు వస్తే ఇంకాస్త బిగించండి. కొత్త పైపు మీది నూనె కాలి మొదట కాసేపు వాసన, పొగ వస్తాయి, టెన్షన్ పడకండి. ఓసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగింపు చూసుకోండి.

ఇదంతా మీ వల్ల కాదనిపిస్తే అదీ పర్వాలేదు, అందరి చేతులూ ఒకలా ఉండవు. కానీ అదే పెద్ద షాపుకి వెళ్ళకండి. ఎగ్జాస్ట్ పని మాత్రమే చేసే చిన్న షాపుల్లో పైపు వంచే మిషన్ ఉంటుంది. కుళ్ళినచోటు ఫోటో, దారం కొలత చూపించి, ఈ ముక్క వరకే కోసి వెల్డు చేస్తే ఎంత అని అడగండి. పైపుకెంత, లేబర్‌కెంత విడివిడిగా రాయించుకోండి. మొత్తం మార్చాలని వాళ్ళూ అంటే, ఎక్కడెక్కడ కుళ్ళిందో బండి కిందికి తీసుకెళ్ళి చూపించమనండి. చూపించడానికి ఇష్టపడకపోతే తాళంచెవి తీసుకుని వచ్చేయండి.

ఆ మొదటి షాపులో అపాయింట్‌మెంట్ తీసుకుని ఉంటే ఇవాళే ఫోన్ చేసి రద్దు చేసుకోండి. కొందరు రానందుకు కూడా ఛార్జీ వేస్తారు.