రెండు తొట్లకూ ఒకటే ప్లాస్టిక్ సరిపోతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర రొయ్యల సాగు. సీడు (రొయ్య పిల్లలు) వదిలే ముందు పరీక్షించుకోవడానికి అద్దంలాంటి తొట్టి ఒకటి, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీటికి మరొకటి చేయించాలనుకుంటున్నాను. తయారుచేసే ఆయన రెండింటికీ పాలికార్బొనేట్ షీటే మేలంటున్నారు. మీ సలహా ఏమిటి?
- ఒక పాఠకుడు

జవాబు: దెబ్బకు తట్టుకోవడంలో పాలికార్బొనేట్‌ మేటి అన్నది నిజమే గాని, అది క్షారాలకు ఓర్చుకోలేదు, బ్లీచింగ్ ద్రావణం క్షారగుణం కలది కనుక ఆ తొట్టికి అది తగదు. దానికి హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్) షీటు వాడండి. అయితే హెచ్‌డీపీఈకి జిగురు పట్టదు. అదే ప్లాస్టిక్ కడ్డీతో వేడిగాలి వెల్డింగ్ చేయించి, నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి, అతుకుల వెంట వేలితో తడిమి చెమ్మ లేదని రూఢి చేసుకున్నాకే డబ్బు చెల్లించండి. ఎండలో ఉంచేటట్లయితే నల్లరంగుదే తీసుకోండి.

సీడు చూసే తొట్టికి అద్దంలా కనబడే ఆక్రిలిక్ ప్లాస్టిక్ ఉత్తమం. వెలుతురులో సుమారు 92 శాతాన్ని అది లోపలికి పంపుతుంది కాబట్టి పిల్ల పేగు నిండిందో లేదో స్పష్టంగా కనబడుతుంది. దాన్ని స్పిరిట్‌తో మాత్రం ఎన్నడూ తుడవకండి, అంచుల్లో సాలెగూడు వంటి సన్నని పగుళ్లు పుడతాయి. మీటరు పొడవు ఆక్రిలిక్ షీటు 20 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 1.4 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుచేత బోల్టు రంధ్రాలను బోల్టు కన్నా కాస్త పెద్దవిగా వేయించండి.