ఆవిరి ఇంజన్‌నూ గూడ్స్ బండినీ ఒకే కంటితో చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సెలవు దొరికితే చాలు, కెమెరా భుజాన వేసుకొని రైళ్ల కోసం బయలుదేరుతున్నావని మీ అమ్మ చెప్పగా ఎంతో సంతోషించాను. అయితే ఆవిరి ఇంజన్ కోసం హర్యానాలోని రేవారీ దాకా వెళ్లడానికి సిద్ధపడేవాడివి, ఎదురుగా గూడ్స్ బండి వస్తే మాత్రం కెమెరా దించేస్తావని కూడా విన్నాను. ఇంజన్ అన్నది బరువు లాగడానికి పుట్టింది కనుక, ఆ బరువును గమనించనివారికి పాత ఇంజన్ కూడా సగమే కనిపిస్తుందని నా గట్టి నమ్మకం.

రేవారీ షెడ్డుకు తప్పకుండా వెళ్లు. అది 1893 నాటిది. అక్కడ మొట్టమొదట చక్రాలు చూడు. 1855లో తయారైన ఫెయిరీ క్వీన్‌కు లాగే చక్రాలు ఒక్క జతే ఉంటాయి, అంటే అది తేలికపాటి బండ్ల ఇంజన్ అన్నమాట. నక్షత్రం తొడిగిన ముక్కుతో అందరూ ఫొటో తీసుకునే డబ్ల్యూపీ రకం ఇంజన్‌కు లాగే చక్రాలు మూడు జతల పెద్ద చక్రాలుంటాయి, ఎందుకంటే అది వేగంగా పరుగెత్తవలసిన ప్రయాణికుల బండ్లది. డబ్ల్యూజీ రకానికి నాలుగు జతలు, అవీ కాస్త చిన్నవి. పట్టాలపై పట్టు ఎక్కువ కావాలి కనుక గూడ్స్ ఇంజన్‌ను అలా కట్టారు. చిత్తరంజన్ కర్మాగారంలో 1950లో మొదట తయారైనదీ, 1970లో బ్రాడ్‌గేజ్‌కు (వెడల్పు పట్టాల మార్గానికి) చివరిగా తయారైన ఆవిరి ఇంజన్ ‘అంతిమ్ సితారా’ కూడా డబ్ల్యూజీలే. దేశం బొగ్గునూ ధాన్యాన్నీ మోసిన ఆ ఇంజన్‌కు దక్కవలసినంత గౌరవం దక్కలేదనే నా అభిప్రాయం.

ఆవిరి ఇంజన్ కదులుతుంటే కాసేపు కెమెరా పక్కన పెట్టి చెవి అప్పగించు. రెండు సిలిండర్లలోనూ ఆవిరి పిస్టన్‌ను అటూ ఇటూ నెడుతుంది కాబట్టి, చక్రం ఒకసారి తిరిగేలోగా పొగగొట్టంలోంచి నాలుగు ఊపిర్లు వినబడతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు అవి విడివిడిగా, గట్టిగా, బరువుగా వస్తాయి. చదునుకు రాగానే మెత్తబడతాయి. డ్రైవర్ ఏం చేస్తున్నాడో నువ్వు నేల మీద నిలబడే చెప్పగలుగుతావు.

గూడ్స్ బండి దగ్గర ఆ ఊపిరి ఉండదు కనుక చూపు వేరేచోట నిలపాలి. ఆరువేల అశ్వశక్తి గల డబ్ల్యూఏజీ-9, రెండు భాగాలుగా ఉండే పన్నెండువేల అశ్వశక్తి డబ్ల్యూఏజీ-12 వంటి కరెంటు గూడ్స్ ఇంజన్ కదిలే క్షణంలో వ్యాగన్లను కలిపే ఒక్కో కప్లింగ్ బిగుసుకుంటూ ఆ చప్పుడు చివరిదాకా పాకడం విను. వ్యాగన్ల చక్రాల దగ్గరి స్ప్రింగులు చూడు. నలిగి దగ్గరపడితే సరుకు ఉన్నట్టు, విడివిడిగా తేలుతూ వ్యాగన్ గడగడలాడితే ఖాళీ అయినట్టు. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు సుమారు 10.7 మీటర్లు కనుక, సెకనుకొకటి చొప్పున దాటిపోతుంటే బండి గంటకు 38 కిలోమీటర్లకు అటూ ఇటుగా నడుస్తున్నట్టు. చక్రం జారితే పట్టాలపై ఇసుక చల్లే ఏర్పాటు ఈ కొత్త ఇంజన్లకూ ఉంది. డార్జిలింగ్ కొండబండి ముందు మనుషులు కూర్చుని చేత్తో చల్లేదీ ఆ ఇసుకే. ఉక్కు మీద ఉక్కు జారడమన్న సమస్య నాటికీ నేటికీ ఒక్కటే.

ఇదంతా ఒకేచోట చూడాలంటే విశాఖ నుంచి అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే పగటి బండి ఎక్కు. అక్కడి బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికే 1960లలో వేసిన ఆ మార్గంలో శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుంచి నిండుబండి దిగుతుంది, ఖాళీబండి ఎక్కుతుంది. కాబట్టి లాగడం కంటే వేల టన్నులను జారిపోకుండా పట్టి ఉంచడమే అక్కడ ఇంజన్‌కు పెద్ద పని. మోటార్లే జనరేటర్లుగా మారి బండిని నిలువరిస్తాయి. బొర్రా గుహల స్టేషన్‌లో మీ బండి ఆగినప్పుడు, పక్క లైనులో ఖనిజం బండి కనిపిస్తే దానికి ఎన్ని ఇంజన్లున్నాయో లెక్కపెట్టు.

జాగ్రత్తలు రెండే. పైతీగలో ఇరవై అయిదు వేల వోల్టులుంటాయి. పాదచారుల వంతెన మీదినుంచి సెల్ఫీ కర్ర గానీ లోహపు స్టాండు గానీ చాచవద్దు. ఎంత మంచి ఫొటో దొరికేలా ఉన్నా పట్టాల మీదికి దిగవద్దు, అది చట్టప్రకారం నేరం కూడా.

ఒక చిన్న పుస్తకం పెట్టుకొని తేదీ, చోటు, ఇంజన్ నంబరు, వ్యాగన్ల రకం, సంఖ్య, నిండుబండా ఖాళీబండా అన్నవి అక్కడికక్కడే రాసుకో. అరకు వెళ్లి వచ్చాక ఆ పుటలు నాకు పంపు.

మీ మామయ్య