ఆ ఇంట్లో ఎవరుంటున్నారు?

అమ్మాయీ,

నీ స్క్రిప్టు అందింది. చదువుతున్నంతసేపూ విసుగొచ్చిందని దాచకుండా చెబుతున్నాను. అయితే పద్దెనిమిదో పేజీ దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ పేజీయే.

ముందు విసుగు సంగతి. దెయ్యాల మీద పరిశోధన చేసే నలుగురు కుర్రవాళ్ళు జీపులో కొండమీది పాత బంగళాకు వస్తారు. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరు, వేడిని పసిగట్టే కెమెరా, చీకట్లో చూసే కెమెరా, గొంతులు పట్టే రికార్డరు, అన్నీ తెచ్చుకుంటారు. ప్రతి పరికరానికీ కంపెనీ పేరుతో సహా రాశావు. బంగళాలో మాత్రం ఏళ్ళ తరబడి ఎవరూ కాపురం లేరన్నావు. ఎవరూ ఉండని ఇంట్లో దెయ్యం ఉంటే ఎవరికి నష్టం? భయమేస్తే ఆ నలుగురూ జీపెక్కి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోగలిగినవాడి భయం నాకెందుకు?

పద్దెనిమిదో పేజీలో కాపలావాడి భార్య వరండా ఊడుస్తూ కనిపిస్తుంది. భయం లేదా అని ఒక కుర్రవాడు అడుగుతాడు. "మీరు తెల్లారితే వెళ్ళిపోతారు బాబూ, సాయంత్రం ఇక్కడ దీపం పెట్టాల్సింది నేనే కదా" అంటుంది. అంతే, మళ్ళీ కనిపించదు. ఆ మాట రాయగలిగినదానివి మిగతా పేజీలు ఎందుకలా రాశావమ్మా? మీటరుకు పేరుంది. ఆమెకు లేదు.

ఎన్‌ఫీల్డ్ దెయ్యం కేసు గురించి వినే ఉంటావు. 1977 ఆగస్టు చివర, లండన్ ఉత్తరాన, గ్రీన్ స్ట్రీట్ 284 నంబరు ఇల్లు. రాజుల కోట కాదు, స్థానిక కౌన్సిల్ వాళ్ళు అద్దెకిచ్చే మామూలు ఇల్లు. అందులో భర్తతో విడిపోయిన పెగ్గీ హాడ్జ్‌సన్, నలుగురు పిల్లలు. గోడల్లో చప్పుళ్ళు, వాటంతటవే జరిగే సామాన్లు. పోలీసులు వచ్చారు. కుర్చీ దానంతటది కదలడం చూశానని ఒక మహిళా కానిస్టేబుల్ సంతకం చేసి ఇచ్చింది, కానీ ఇందులో నేరం లేదు కనుక వాళ్ళు చేసేదేమీ లేకపోయింది. పత్రికవాళ్ళు వచ్చారు, ఎగిరొచ్చిన లెగో ముక్క ఒక ఫోటోగ్రాఫరు కంటి పైన తగిలింది. ఆ తరువాత, ఇలాంటి అంతుపట్టని సంగతులను పరిశోధించడానికి 1882లో మొదలైన సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ తరఫున మారిస్ గ్రాస్ వచ్చాడు, వెనకే గై లయన్ ప్లేఫెయిర్. టేపు రికార్డర్లు పెట్టుకుని నెలల తరబడి ఆ ఇంటికి తిరిగారు. పెగ్గీ కూతురు, పదకొండేళ్ళ జానెట్ నోటి నుంచి ముసలివాడి బొంగురు గొంతు వచ్చేది. ఈ ఇంట్లోనే కుర్చీలో ప్రాణం పోయిందని చెప్పేది.

ఇంతమంది వస్తూ పోతూ ఉంటే ఆ తల్లి ఏం చేస్తోంది? పిల్లలను బడికి పంపుతోంది, వచ్చినవాళ్ళకు కుర్చీలు చూపిస్తోంది. నలుగురు పిల్లలతో ఎక్కడికి పోతుంది? ఆమె ఆ ఇల్లు వదలలేదు. 2003లో చనిపోయేదాకా అక్కడే ఉంది. నాకు ఒళ్ళు జలదరించేది ఆ బొంగురు గొంతుకు కాదు, ఈ సంగతికి.

ఈ కేసు మీద 2015 మేలో స్కై లివింగ్ చానల్లో మూడు భాగాల ధారావాహిక వచ్చింది. ప్లేఫెయిర్ పుస్తకమే దానికి ఆధారం. గ్రాస్‌గా తిమొతీ స్పాల్, ప్లేఫెయిర్‌గా మాథ్యూ మక్‌ఫాడియెన్ నటించారు. పరికరాలు అందులోనూ ఉన్నాయి, కానీ కథ వాటి మీద నిలబడలేదు. గ్రాస్ కూతురు అంతకుముందు ఏడాదే మోటారు సైకిల్ ప్రమాదంలో పోయింది. ఆ పిల్ల పేరు కూడా జానెట్. స్పాల్ ముఖంలో ఈ సంగతి మాట్లాడకుండానే తెలుస్తూ ఉంటుంది. ఆయన పరిశోధకుడిగా గుమ్మం దాటడం లేదు, కూతురు పోయిన తండ్రిగా దాటుతున్నాడు. చివరి భాగంలో హంగామా ఎక్కువైందని నా అభిప్రాయం. అయినా చూడు. వెలుగు ఎక్కడ పడుతోందని చూడకు, ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు కూర్చుంటున్నారో, ఎవరు నిలబడే ఉంటున్నారో చూడు.

ఖాళీ ఇల్లే కావాలంటే బోర్లీ ఉంది. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో ఒకప్పుడు చర్చి ఫాదరీ ఉండిన పాత భవనం, ఇప్పుడు లేదు. దెయ్యాల పరిశోధకుడు హారీ ప్రైస్ 1937లో దాన్ని ఏడాదికి అద్దెకు తీసుకుని, టైమ్స్ పత్రికలో ప్రకటన ఇచ్చి, 48 మంది పరిశీలకులను పోగుచేశాడు. వస్తువుల చుట్టూ సుద్దతో గీతలు గీసి రాత్రుళ్ళు కాపు కాశారు. చాలామందికి చెప్పుకోదగ్గదేదీ కనబడలేదు. అంతకుముందు, ఫాదరీ కుటుంబం ఉన్నప్పుడు, గోడల మీద పెన్సిల్ రాతలు వచ్చాయి. వాటిలో ఆ ఇంటి ఇల్లాలు మారియాన్‌ను పేరు పెట్టి పిలిచి సాయం చేయమని అడిగే రాతలున్నాయి. ఎవరు రాశారన్నది ఎటూ తేలని గొడవ. కానీ పిలవడానికి ఆ ఇంట్లో ఒక మనిషి ఉంది.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన పాఠం కాదు. పెళ్ళయిన కొత్తలో విజయవాడలో ఒక పెంకుటింట్లో వెనక వాటా అద్దెకు తీసుకున్నాం. అద్దె తక్కువ. ఎందుకు తక్కువో పాలు పోసే ఆవిడ చెప్పింది. అంతకుముందు ఆ వాటాలో ఉన్న కోడలు పెరట్లో నూతిలో దూకిందట. మాకు నీళ్ళు ఆ నూతివే. మా ఆవిడ తెల్లవారుజామున చేద వదిలేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేది. భయమని ఒక్కనాడూ అనలేదు. ఇచ్చిన అడ్వాన్సు వదులుకుని వేరే ఇల్లు చూసుకునే స్థోమత మాకు లేదని తనకు తెలుసు.

దాన్ని కథగా రాసి ఒక వారపత్రికకు తీసుకెళ్ళాను. క్షుద్ర నవలలు సీరియళ్ళుగా విపరీతంగా నడుస్తున్న రోజులు. ఆ సంపాదకుడు చదివి, మాంత్రికుడు లేడేమిటన్నాడు. నిమ్మకాయలు, కపాలం, అమావాస్య ఉంటే వేస్తానన్నాడు. కుదరదని చెప్పి వచ్చేశాను. రెండు నెలల తరువాత కథ అచ్చయింది. నా చివరి పేజీ తీసేసి, ఆ ఇల్లాలికి పూనకం తెప్పించి, ఎవరో మాంత్రికుడి చేత కొట్టించారు. నా పేరు మాత్రం అలాగే ఉంచారు. ఆ పత్రిక ఇంట్లో ఉండటానికి వీల్లేదంది మా ఆవిడ. సంపాదకుడు పోయి చాలా ఏళ్ళయింది. నా కోపం పోలేదు.

టీవీకి రాసిన రోజుల్లో ఆ కపాలం స్థానంలోకి ఉలికిపాటు వచ్చింది. ప్రకటనలకు ముందు ప్రేక్షకుడు ఒకసారి అదిరిపడాలి, లేకపోతే చానల్ మారుస్తాడని లెక్కలు చూపించేవారు. నీ స్క్రిప్టులో పది పేజీలకొకసారి తలుపు కొట్టుకుంటోంది. అది గాలికి కొట్టుకోవడం లేదు, ఆ లెక్కలకు కొట్టుకుంటోంది. తీసెయ్యి.

దెయ్యం నిజంగా ఉన్నట్టు చూపాలా వద్దా అని అడిగావు. ఒకటి రెండుసార్లు గ్రాస్, ప్లేఫెయిర్ పట్టుకుంటారో లేదో చూద్దామని తామే చేశామని ఎన్‌ఫీల్డ్ ఇంటి జానెట్ తరువాత టీవీలోనే ఒప్పుకుంది. మిగతాదంతా నిజమేనంది. అదే సొసైటీలో కొందరు మొత్తం పిల్లల పనేనన్నారు. ఇన్నేళ్ళయినా ఎవరి మాట వాళ్ళదే. నువ్వు తీర్పు చెప్పనక్కర్లేదు. దెయ్యం ఉన్నా లేకపోయినా కాపలావాడి భార్య సాయంత్రం ఆ దీపం పెట్టాల్సిందే కదా, అది గట్టిగా రాయి.

ఓటీటీ వాళ్ళను ఎలా కలవాలన్నది, ఎన్ని భాగాలు ఉండాలన్నది ఇప్పుడు మాట్లాడను.

మళ్ళీ రాసేటప్పుడు జీపుతో మొదలుపెట్టకు, ఆమె వంటపాకతో మొదలుపెట్టు. ఆమెకు పేరు పెట్టు. మొగుడి జీతం ఎంత, ఎన్ని నెలలుగా అందలేదు, పిల్లలు ఏ బడికి వెళుతున్నారు, బంగళా యజమాని దగ్గర ఎంత అప్పుంది, ఇవన్నీ మొదటి పది పేజీల్లో నాకు తెలియాలి. నలుగురు కుర్రవాళ్ళలో ఇద్దరు చాలు. ఆ ఇద్దరిలో ఒకడైనా ఎవరినో పోగొట్టుకుని రావాలి. ఉగాదిలోపు పంపితే చదువుతాను. ఆ తరువాత నాకు కంటి ఆపరేషన్ ఉంది.

ఆశీస్సులతో.