పాత కంప్యూటర్లలో రిజల్యూషన్ పెంచితే రంగులెందుకు తగ్గిపోయేవి?

విండోస్ 95లో రిజల్యూషన్, అంటే తెర మీది చుక్కల సంఖ్య, పెంచగానే రంగులు దానంతటవే 256కి పడిపోయేవి, రెండూ కలిపి ఎందుకివ్వలేదు అని అడిగారు. ముఖ్య కారణం వీడియో కార్డు మీదుండే మెమరీ. తెర మీద ప్రతి చుక్క రంగూ అందులో ఉండాలి. చుక్కకి 8 బిట్లు, అంటే ఒక బైటు, ఇస్తే 256 రంగులు, 16 ఇస్తే 65,536, 24 ఇస్తే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు.

తొంభైల మధ్యలో నేను డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) చేసిన మెషీన్లో ఉన్నది 1 ఎంబీ కార్డు, అంటే 10,48,576 బైట్లు. 1024×768ని 256 రంగులతో పెడితే 7,86,432 బైట్లు, హాయిగా పట్టేది. అదే 16 బిట్లంటే 15,72,864, ఇంక పట్టే మాటే లేదు. 24 బిట్లు కావాలంటే 640×480కి దిగాల్సిందే, అప్పుడు 9,21,600.

అందుకని పనిని బట్టి మార్చుకునేవాళ్లం. తెలుగు మ్యాటర్ కంపోజ్ చేసేటప్పుడు రంగులతో పనేముంది, చుక్కలే కావాలి. 640×480లో పేజీ మొత్తం చూద్దామంటే 'రాష్ట్రం'లో ఒత్తులు రెండూ ముద్దయిపోయేవి, దకి ధకి తేడా చూపే కింది గీత కనపడేదే కాదు, ప్రూఫ్ తప్పులన్నీ అక్కడే. ఫోటో పని వస్తే అంతా తలకిందులు. 256 రంగుల్లో పెళ్లికూతురి బుగ్గ మీద నీడ మరకలు మరకలుగా, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. పైగా ఆ 256 తెర మొత్తానికీ ఒకటే జాబితా కాబట్టి, ఫోటో ముందుకి రాగానే వెనక విండోల రంగులు పిచ్చిపిచ్చిగా మారిపోయేవి. సరే అని 24 బిట్లు పెట్టి, మెషీన్ రీస్టార్ట్ చేసి, ఆ చిన్న తెర మీదే పని చేసేవాళ్లం.

ఈ బేరం అప్పుడు పుట్టింది కాదు. 1981లో ఐబీఎం తెచ్చిన సీజీఏ అనే వీడియో కార్డులో ఉన్నది 16 కేబీ. 320×200లో 4 రంగులు, లేదా 640×200లో 2 రంగులు, ఏది తీసుకున్నా లెక్క 16,000 బైట్లే. 1987లో ఐబీఎందే వీజీఏ అనే కొత్త రకం వచ్చాక 640×480కి 16 రంగులు, 320×200కి 256. డాస్ గేముల వాళ్లు ఎక్కువగా రెండోదే ఎంచుకున్నారు, నా దృష్టిలో అది చాలా సరైన పని. చుక్కకి ఒక బైటు, మొత్తం 64,000, అప్పటి ప్రాసెసర్లకి అలవాటైన 64 కేబీ సెగ్మెంట్‌లో, అంటే ఒక మెమరీ ముక్కలో, పట్టేస్తుంది, రాయడం తేలిక, వేగం ఎక్కువ. కదిలే బొమ్మకి రంగులు ముఖ్యం, చదివే అక్షరానికి చుక్కలు ముఖ్యం.

మెమరీ ఒక్కటే కాదు లెండి, ఆ బైట్లన్నీ సెకనుకు అరవై డెబ్భై సార్లు మానిటర్‌కి పంపాలి కూడా. చవక కార్డులు 1024×768 దగ్గర ఇంటర్‌లేస్డ్‌కి (ఒకసారి సరి గీతలు, మరోసారి బేసి గీతలు గీసే పద్ధతికి) దిగిపోయేవి, తెర వణికి సాయంత్రానికి కళ్లు లాగేసేవి.

తర్వాత 2 ఎంబీ కార్డు వేయించాక 1024×768లోనే 16 బిట్లు వచ్చాయి, రోజువారీ పనికి మార్చే బాధ తప్పింది. అందులో ఎరుపుకి 5, ఆకుపచ్చకి 6, నీలానికి 5 బిట్లు, ఆకుపచ్చలో తేడాల్ని కన్ను బాగా పట్టేస్తుంది కాబట్టి దానికి ఒకటి ఎక్కువ. అయినా ఒంటి రంగు మీద సన్నటి మెట్లు కనపడేవి, అందుకే ఫోటో ఫైనల్ చేసేముందు మాత్రం 800×600, 24 బిట్లకి వెళ్లేవాణ్ణి.